మేడ మీద నారు

మా తమ్ముడు దాహి కాలువ గట్టు మీద షాజ్లీని పారతో కొట్టి చంపాడు. చంపాలని ఇంట్లోంచి బయల్దేరలేదు. అంత ముందాలోచనే ఉంటే వాడు మా నాన్న కొడుకే కాదు. మా నారుమళ్ళ వంతు నీళ్ళకు షాజ్లి అడ్డుకట్ట వేశాడు, దాహి తీశాడు, అతను మళ్ళీ వేశాడు. మాటకు మాట పెరిగింది. అతను చచ్చిపోయిన మా నాన్న ఊసెత్తాడు, వీడు పార ఎత్తాడు. నేను పక్కనే మిరప నారు కట్టలు కడుతున్నాను. దెబ్బ చెవి పైన పడింది. షాజ్లి బోర్లా నీళ్ళలో పడి రెండు చేతులతో గట్టు మట్టిని గీరాడు. నేనూ దాహీ కలిసి బయటికి లాగేసరికి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గాని చూపు లేదు. ఆ పొద్దు మా మళ్ళలోకి నీళ్ళు ఎర్రగానే పారాయి.

షాజ్లి వాళ్ళది హరీదీల ఇల్లు. ఆ ఇంట్లోంచి ఏడుపు వినబడలేదు. పరామర్శకు వచ్చేవాళ్ళకు కుర్చీలు వేయలేదు, కాఫీ కాయలేదు. ఈజిప్టు దక్షిణాన మా సయీద్ పల్లెల్లో దాని అర్థం పసిపిల్లలకు కూడా తెలుసు. చంపినవాడు చచ్చేదాకా ఆ ఇంట్లో చావు జరగనట్టే లెక్క. పోలీసులు వచ్చి అడిగితే షాజ్లి తండ్రి హాజ్ తమ్మామ్, తమకెవరి మీదా అనుమానం లేదనీ, కుర్రాడు కాలు జారి పడ్డాడనీ చెప్పి, టీ ఇచ్చి పంపించాడు. ఆ కబురు విని మా అమ్మ గుమ్మంలోనే కూలబడింది. పోలీసులు పట్టుకెళ్తే కొడుకు జైల్లోనైనా బతికుండేవాడు. తమ్మామ్ వాణ్ణి ఎవరికీ ఇవ్వకుండా తన కోసం ఉంచుకున్నాడు.

అప్పటినుంచి దాహి గుమ్మం దాటలేదు. దాటితే చెరుకు తోటలో ఏ మూల ఏ తుపాకి ఉందో తెలియదు. ఆడవాళ్ళకు మాత్రం ఏ అడ్డూ లేదు. పగ మగవాళ్ళది. ఆడదాని మీద చెయ్యి వేసిన ఇంటికి పిల్లనిచ్చేవాడుండడు, ఆ ఇంట నీళ్ళు తాగేవాడుండడు. అందుకని మొగుడు పోయి పుట్టింట్లో పడి ఉన్న నేను ఆ ఇంటికి మగదిక్కునయ్యాను. బజారుకు నేనే, మిల్లుకు నేనే, గేదె గడ్డికీ నేనే. మీ ఇంట్లో మీసాలు ఎవరికి మొలిచాయి రస్మియా అని కుళాయి దగ్గర ఆడవాళ్ళు వేళాకోళమాడితే, మీ ఆయన్ని పంపండి, చూపిస్తానని నేనూ దులిపేసేదాన్ని.

ఆ ఆచారాన్ని హరీదీలు ఎంత నిష్ఠగా పాటిస్తారో నాకు ఒక శుక్రవారం తెలిసింది. ఊళ్ళో మగవాళ్ళంతా మసీదులో ఉండగా వాళ్ళ కుర్రాళ్ళు మా నారుమళ్ళ మీద పడ్డారు. నీడకు కట్టిన పరదాలు కొడవళ్ళతో చీల్చారు. విత్తనాల కోసం జల్లించిపెట్టిన మట్టి మీద కిరసనాయిలు పోశారు. పాకకు నిప్పు పెట్టారు. గాడిద గొంతు కోశారు. అది వెంటనే చావలేదు, కోసిన గొంతుతోనే మడి చుట్టూ తిరిగింది. నేను రాళ్ళు విసిరాను, తిట్టని తిట్టు లేదు. షాజ్లి తమ్ముడు ఖలాఫ్, ఇంకా గడ్డం సరిగ్గా రానివాడు, నెత్తురోడుతున్న కొడవలి వెనక్కి పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నువ్వు కొంచెం పక్కకి జరుగు. తగుల్తుంది" అన్నాడు.

నా ఒంటి మీద ఒక్క గీత పడలేదు. ఇంటికి వచ్చేసరికి నా చేతుల నిండా గాడిద నెత్తురు.

మాకున్న బతుకుతెరువు ఆ నారు ఒక్కటే. ఎండలు తగ్గే వేళకు చుట్టుపక్కల పల్లెలన్నీ శీతాకాలం టమాటా నారు కోసం మా దగ్గరికే వచ్చేవి. ఒక్క ఏడు ఇవ్వలేకపోతే మరుసటి ఏడు మా గుమ్మం ఎవరూ తొక్కరు. నారు ఇంట్లోనే పోద్దాం అన్నాడు దాహి. మా అమ్మ వాణ్ణి ఎగాదిగా చూసి మట్టి ఎక్కడిదని అడిగింది. నారుకు పనికొచ్చే ఒండ్రు కాలువ గట్టున ఉంది, గట్టు హరీదీల తుపాకుల కింద ఉంది.

"మట్టి అక్కర్లేదమ్మా. నీళ్ళు చాలు" అన్నాడు వాడు.

ఈ మాట ఏ పట్నంవాడో అని ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని. దాహి రెండేళ్ళు పడమటి ఎడారిలో ఒక పెద్ద తోటలో పనిచేశాడు. అక్కడ దోసకాయలు మట్టి ముఖం చూడకుండా గొట్టాల్లో నీళ్ళ మీదే కాసేవి. తిరిగొచ్చాక, అదీ ఒక పంటేనా, ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్టుంటుందని వెక్కిరించినవాడు కూడా వీడే. ఇప్పుడు అదే కళ్ళకద్దుకోవలసి వచ్చింది.

మా ఇంటి నడిమి గదికి కిటికీ లేదు. వీధి గది కిటికీలోంచి ఒక మధ్యాహ్నం తుపాకి గుండు దూసుకొచ్చి టీ గ్లాసుల అలమరను పొడి చేసిన దగ్గరనుంచి వాడి పడకా తిండీ ఆ నడిమి గదిలోనే. ఆ గది గోడ మీద బొగ్గుతో వాడు పథకం గీశాడు. గీయడం, చెరపడం, మళ్ళీ గీయడం. గోడ కాస్తా పొయ్యి వెనక గోడలా తయారైంది. నారు పెంచే పెట్టె ఆడవాళ్ళు ఎత్తగలిగేంత తేలికగా ఉండాలన్నాడు. కరెంటు పోయినా మొక్క బతకాలన్నాడు. ఇవాళ టమాటా, రేపు మిరప, ఎల్లుండి వంకాయ, ఎవరు ఏది అడిగితే అది అదే పెట్టెలో మొలవాలి, మూత మారిస్తే సరిపోవాలి, పెట్టె మారకూడదన్నాడు. వాడి కళ్ళలో వెలుగు చూసి నాకు ఒళ్ళు మండింది.

"ఇంత బుర్ర ఆ రోజు గట్టు మీద ఎక్కడ పెట్టావురా?" అన్నాను.

వాడు బొగ్గు కింద పెట్టేసి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు బాధేసింది గాని మాట వెనక్కి తీసుకోలేదు.

స్టేషను దగ్గర చేపలు అమ్మేవాళ్ళు పారేసే థర్మాకోల్ పెట్టెలు నేను నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చాను. ఆ కంపుకు వీధి కుక్కలన్నీ నా వెంటే ఊరేగింపుగా వచ్చాయి. మా అమ్మ వాటిని బూడిద వేసి, నిమ్మచెక్కలతో రుద్ది రుద్ది కడిగింది. ఎర్రగా కాల్చిన ఇనప చువ్వతో దాహి మూతలకు రంధ్రాలు పెట్టాడు, టమాటాకు దగ్గర దగ్గరగా ఉన్నది ఒకటి, వంకాయకు ఎడంగా ఉన్నది ఒకటి. పాత సోఫా చీల్చి లోపలి స్పాంజిని చిన్న ముక్కలు కోశాం. ముక్కకొక గాటు, గాటులో ఒక గింజ. వేరు దిగి నీళ్ళు అందుకునేదాకా తడి పైకి పీల్చడానికి ముక్క కింద ఒక వత్తి ఉండాలన్నాడు. ఆ వత్తులన్నీ మా అమ్మ తొడ మీద పేనింది. ఎరువు లవణాలు పట్నంనుంచి రెండు సీసాల్లో వచ్చాయి. ఒకటి నీళ్ళలో బాగా కలిశాకే రెండోది పోయాలని వాడు చెబుతూనే ఉన్నాడు, నేను తొందరపడి రెండూ చిక్కగానే కలిపేశాను. బిందె అడుగున సున్నంలా పేరుకుపోయింది. వాడు నన్ను తిట్టిన తిట్లకు మా అమ్మ నవ్వింది. షాజ్లి పోయాక మా ఇంట్లో అదే మొదటి నవ్వు.

చేపల తొట్టెల్లో గాలి బుడగలు వదిలే చిన్న మోటారు ఒకటి కొన్నాం, దాన్నుంచి ప్రతి పెట్టెలోకీ సన్నని గొట్టం. మోటారుకు లాగిన పసుపు రంగు కరెంటు తీగ కొంత మిగిలితే దాహి తన బూట్లకు తాళ్ళుగా కట్టుకున్నాడు. ఎడారి తోటలో పనిచేసినప్పటి తోలు బూట్లవి, తాళ్ళు ఎప్పుడో తెగిపోయాయి. గుమ్మం దాటనివాడికి బూట్లు ఎందుకని అడిగితే, పరిగెత్తాల్సి వస్తే అన్నాడు. పడుకునేటప్పుడు తప్ప వాటిని విప్పేవాడు కాదు.

గింజలు మొలిచాయి. మూత ఎత్తి చూస్తే కింద తెల్లటి వేళ్ళు ముసలమ్మ జుట్టులా వేలాడుతున్నాయి. దాహి మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచి చూపించాడు.

అప్పుడే మా అమ్మ హరీదీల ఇంటికి వెళ్ళింది. పట్టపగలు, నడివీధిలోంచి, నన్ను వెంటబెట్టుకుని. ఆమె మనిషి పొడగరి. దాహి పొడవంతా ఆమెదే, వెనకనుంచి చూస్తే భుజాలు కూడా ఒకే కొలత. హాజ్ తమ్మామ్ వసారాలో పది మంది మగవాళ్ళతో కూర్చుని ఉన్నాడు. మా అమ్మ తల మీది ముసుగు తీసి ఆయన కాళ్ళ ముందు నేల మీద పరిచింది. ఆడది అలా పరిచిన గుడ్డను దాటి వెళ్ళేవాడు మగవాడు కాదంటారు. తమ్మామ్ దాటలేదు. భార్యను కేక వేసి, ఆ గుడ్డ తీసి దులిపి ఈమె తల కప్పమన్నాడు. షాజ్లి తల్లి చేత్తోనే మా అమ్మ తల కప్పించాడు.

మా అమ్మ అడిగింది ఒక్కటే. కొడుకు తన శవానికి చుట్టే కఫన్ గుడ్డ తనే చేతుల మీద మోసుకుని ఊరందరి ముందూ వచ్చి మెడ వంచుతాడు, ఆ గుడ్డ అందుకుని పగ ఆపేయండి. ఎన్నో ఇళ్ళ మధ్య నెత్తురు అలాగే ఆగింది.

"నీ కొడుకు కఫన్ తెస్తే అందులోనే చుట్టి పంపిస్తాను" అన్నాడు తమ్మామ్. "నీ మీద మాకేం లేదు దాహి తల్లీ. నువ్వు మా ఇంటి ఆడకూతురితో సమానం. మావాళ్ళలో ఎవడైనా నీ ఇంటి ఆడదాని మీద చెయ్యెత్తిన రోజున, వాడి కఫన్ వాడి చేతుల్లో పెట్టి, కాళ్ళకి చెప్పుల్లేకుండా నేనే నీ గుమ్మానికి నడిపించుకొస్తాను. ఆ రోజుతో షాజ్లి నెత్తురు కూడా వదిలేసుకుంటాను. ఇదిగో, వీళ్ళంతా సాక్షులు. కాని నీ కొడుకు నాకు కావాలి."

మా అమ్మ ఆ మాట మళ్ళీ చెప్పమంది. ఆయన మళ్ళీ చెప్పాడు. వయసు మీద పడి ఆమెకు చెవులు మందగించాయేమో అనుకున్నాను.

ఇంట్లో నారు సాగిపోతోంది. బల్బులు వేలాడదీశాం గాని పూట పూటా కరెంటు పోయేది. పాలిపోయిన కాడలు జానెడేసి పెరిగి మెడలు వాల్చేశాయి. వెలుతురెక్కడా అని వెతుక్కుంటున్నాయి పాపం అంది మా అమ్మ. ఎండ చూపించకపోతే పొలంలో మూడో రోజుకే వాలిపోతాయని దాహి మొత్తుకున్నాడు. ఎండ ఉన్నది మేడ మీద. మేడ ఎదురుగా, సందు అవతల, హరీదీల పావురాల బురుజు. ఆ బురుజు మీద పొద్దంతా ఖలాఫ్, ఒళ్ళో తుపాకి. అయినా అమ్మా నేనూ రోజూ మేడ ఎక్కేవాళ్ళమే. పిండి ముద్దలు ఎండలో పొంగితే తప్ప మా ఊళ్ళో రొట్టె కాలదు. రొట్టె పళ్ళేల పక్కనే నారు పెట్టెలు పెట్టి, ఎండ ముదరకముందే దించేవాళ్ళం. ఖలాఫ్ మమ్మల్ని చూసి మొహం పక్కకు తిప్పుకునేవాడు.

ఒక రోజు నేను లవణాలకు పట్నం వెళ్ళాను. మా అమ్మ జ్వరంతో పడుకుంది. ఎడారి వైపునుంచి వడగాలి లేచింది. పెట్టెలన్నీ మేడ మీదే ఉన్నాయి. నీళ్ళు వేడెక్కితే వేళ్ళు ఉడికిపోతాయి. దాహి మెట్ల కింద నిలబడి కాసేపు చూశాడట, అమ్మను లేపడానికి మనసు రాలేదట. కొక్కేనికి వేలాడుతున్న ఆమె నల్ల బుర్దా తల మీదనుంచి కాళ్ళ దాకా చుట్టుకుని పైకి వెళ్ళాడు. పెట్టెలన్నీ ఒక్కొక్కటే దించాడు. ఆఖరి పెట్టె దగ్గర గాలికి బుర్దా ఎగిరి మీసం బయటపడింది. గుండు వాడి చెవి పక్కనుంచి వెళ్ళి నీళ్ళ ట్యాంకుకు తగిలింది.

సాయంత్రానికల్లా ఊరంతా పాకిపోయింది. దాహికి గాజులు పంపిద్దామా, పెళ్ళికొడుకును చూద్దామా అని టీ కొట్టు దగ్గర నవ్వులు. నవ్వుల్తో పోతే బాగుండేది. రెండిళ్ళకూ రాకపోకలున్న మంత్రసాని తమ్మామ్ కబురు మోసుకొచ్చింది. ఆడదాని గుడ్డ చాటున దాక్కున్న ఇంటికి ఆడదాని మర్యాద లేదు, ఇకనుంచి మేడ మీద కనిపించే నల్ల గుడ్డలో ఉన్నది దాహీయే అనుకుంటాం, మీ ఆడవాళ్ళను జాగ్రత్తగా ఉంచుకోండి.

మంత్రసాని గుమ్మం దాటగానే మా అమ్మ రొట్టెల పార తీసుకుని దాహిని కొట్టింది. మొహం మీద, భుజాల మీద, పడిన చోటల్లా. కనుబొమ్మ చిట్లి నెత్తురు గడ్డంలోకి కారింది. అంత మగాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు.

"నిన్ను బతికిస్తున్నది ఆ నల్ల గుడ్డేరా" అంది. "దాన్నీ చింపేశావు."

"నారు మాడిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా?" అన్నాడు వాడు.

"నువ్వు మాడిపోతుంటే నేను చూడాలా?" అంది.

ఆ తర్వాత మేడ ఎవరూ ఎక్కలేదు. బజారు రొట్టె తిన్నాం. చీకట్లో నారు పసుపు పచ్చగా మారింది. నారు సంగతేమిటని పల్లెలనుంచి కబుర్లు రావడం మొదలైంది. దాహి బొగ్గు ముట్టుకోవడం మానేశాడు. గోడకు వీపు ఆనించి కూర్చుని, చెరుకు తోటలోకి నడిచెళ్ళి నిలబడతాను, ఒక్క గుండుతో అందరికీ విశ్రాంతి అనేవాడు. మొదట విసుగ్గా అన్నాడు, తర్వాత మామూలుగా అనడం మొదలుపెట్టాడు. ఒక పూట నిజంగానే గడియ తీశాడు, నేనూ అమ్మా కాళ్ళు పట్టుకుని ఈడ్చుకొచ్చాం.

ఆ మర్నాడు వత్తులు పేనుతూ మా అమ్మ నన్నడిగింది, పరామర్శలకు కుర్చీలూ షామియానా అద్దెకిచ్చేవాడి ఇల్లు నీకు తెలుసు కదా అని. తెలుసు, ఎందుకన్నాను. ఊరికే అంది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే లేచేసరికి ఆమె పిండి కలుపుతోంది. తలంటు పోసుకుంది, జుట్టు జడ వేసుకుంది. ఎండ రొట్టె తిని ఎన్నాళ్ళయిందే అంది. మేడ ఎక్కుతావా ఏమిటి, మతిపోయిందా అన్నాను. ఎక్కను, ఇక్కడే పొంగుతుందిలే అంది. నేను గేదె పాలు పితకడానికి దొడ్లోకి వెళ్ళాను. దాహి ఇంకా నిద్రలోనే ఉన్నాడు.

ఒకే ఒక్క గుండు పేలింది. బురుజు మీది పావురాలన్నీ లేచాయి.

మెట్ల పైన ఆమె ప్లాస్టిక్ చెప్పులు పక్కపక్కన పొందికగా విడిచి ఉన్నాయి. ఆమె పిట్టగోడ చాటున పక్కకు ఒరిగి పడి ఉంది. పెట్టె పగిలి, లవణాల నీళ్ళూ నెత్తురూ కలిసి తూము వైపు పారుతున్నాయి, ఆ నీళ్ళ నిండా నారు. గుండు ఛాతీలో దిగింది. బుర్దా కింద ఆమె కాళ్ళకు దాహి బూట్లున్నాయి. పెద్దవయ్యాయని లోపల గుడ్డలు కుక్కింది. వాడు నడిచినట్టు అంగలు వేస్తూ మేడ ఆ చివరినుంచి ఈ చివరి దాకా నడిచి ఉంటుంది. తడి మీద బూట్ల అడుగులు కనిపిస్తూనే ఉన్నాయి.

ఇంకా ఊపిరి ఉంది. నన్ను చూసి కాళ్ళు నా వైపు జరిపింది.

పసుపు తీగ గట్టిగా రెండు ముళ్ళు వేసి ఉంది. వేళ్ళతో రాలేదు. వంగి పళ్ళతో లాగాను. తీగ పై తోలు ఊడి నా నోట్లోకి వచ్చింది. రెండోది కూడా లాగేసరికి ఆమె పోయింది. బూట్లు నా బట్టల్లో దోపుకున్నాను. చెప్పులు తెచ్చి ఆమె కాళ్ళకు తొడిగాను. అడుగులు నీళ్ళు చల్లి చెరిపేశాను. అప్పుడు అరిచాను.

దాహి వట్టి కాళ్ళతో, వట్టి తలతో మేడ మీదికి పరిగెత్తుకొచ్చి ఆమెను ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. బురుజు మీదనుంచి వాడి రొమ్ము ఎదురుగా కనిపిస్తోంది. రెండో గుండు రాలేదు. ఖలాఫ్ లేచి నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని. నేను దుప్పటి కోసమని కిందికి దిగి, బూట్లు దాహి పడక పక్కన ఎప్పుడూ ఉండే చోట పెట్టేశాను.

తర్వాత వాడు నాన్న తుపాకి తీశాడు. నేను గొట్టం పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. కుర్చీలకు కబురు చేశానని చెప్పాను.

"ఎవడిని అడిగి చేశావు?" అన్నాడు. "ఈ ఇంట్లో చావు లేదు."

"ఉంది" అన్నాను. "మా అమ్మ చచ్చిపోయింది. నేను ఏడవాలి. తుపాకి దించు, తమ్మామ్ వస్తాడు."

పోలీసులు వస్తే మాకెవరి మీదా అనుమానం లేదన్నాను. వాళ్ళకు అలవాటే, టీ తాగి వెళ్ళారు.

ఆమెకు స్నానం చేయించిన ఆడవాళ్ళు, పాపం రొట్టెలు పెట్టుకోవడానికి చెప్పులేసుకుని ఎక్కిందని వీధిలో చెప్పి ఏడ్చారు. ఆ చెప్పుల మాటే హరీదీలను చంపింది, ఆడదాని చెప్పులు కనబడుతుంటే దాహి అనుకున్నామనే వీలు పోయింది. సాయంత్రం నమాజు కాగానే తమ్మామ్ వచ్చాడు, చెప్పుల్లేకుండా, అన్నమాట ప్రకారమే. వెనక ఖలాఫ్. చాచిన రెండు చేతుల మీదా తెల్ల గుడ్డ, గుడ్డ మీద కత్తి. మొహం వాచిపోయి ఒక కన్ను మూసుకుపోయింది. తన్నింది సొంతవాళ్ళే. షామియానాలో మూడూళ్ళ మగవాళ్ళు ఉన్నారు. ఖలాఫ్ ఒక్కటే మాట అంటూ వచ్చాడు, బూట్లున్నాయి, బుర్దా కింద బూట్లు చూశాను, మగాడి నడక అని. తమ్మామ్ వెనక్కి తిరిగి అందరి ముందూ వాడి వాచిన చెంప మీదే కొట్టాడు.

"ఆడదాన్ని చంపావు. అబద్ధం కూడా ఆడతావా?" అన్నాడు.

నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. ఖలాఫ్ దాహి ముందు మోకాళ్ళ మీద కూర్చుని మెడ వంచాడు. వంచిన మెడకు ఎదురుగా దాహి కాళ్ళున్నాయి. కాళ్ళకు ఆ బూట్లు. తోలు ఊడి రాగి బయటపడిన పసుపు తీగ, దాని మీద నా పళ్ళ గాట్లు. దాహి తొందరలో కాళ్ళు దూర్చుకుని వచ్చాడేగాని అదేమిటో చూసుకోలేదు. ఖలాఫ్ చూశాడు. చాలాసేపు చూశాడు. తల ఎత్తి, దాహి వైపు కాదు, నేరుగా నా తలుపు వైపు చూశాడు. నోరు తెరిచాడు.

వాడు ఆ మాట అంటే తమ్మామ్ వంగి చూస్తాడు. చూస్తే మా అమ్మ చావు దేనికీ పనికిరాకుండా పోతుంది. దాహి గుడ్డ మీది కత్తి చేతిలోకి తీసుకున్నాడు, ఆ కత్తి కిందికి దిగినా అంతే. ఇద్దరిలో ఎవరికి భయపడాలో నాకు తెలియలేదు.

ఖలాఫ్ నోరు మూసుకుని మళ్ళీ మెడ వంచాడు. "నా ప్రాణం నీ చేతిలో ఉంది" అన్నాడు, అక్కడ అనవలసిన మాట అదే కాబట్టి. దాహి ఏడుస్తూ కత్తి కింద పడేసి కఫన్ గుడ్డ అందుకున్నాడు.

ఆ పొద్దు మునిగే వేళ హరీదీల ఇంట్లో కూడా కుర్చీలు వేశారు. షాజ్లి తల్లి ఏడుపు మా మేడ దాకా వినబడింది. అన్ని వారాల ఏడుపు ఒక్కసారే వచ్చింది.

మిగిలిన నారుకు బాగా ఎండ తగిలింది. దాహి తనే మేడ ఎక్కి పెట్టెలు తిప్పి తిప్పి పెట్టేవాడు. కాడలు పొడుగ్గానే ఉన్నాయి గాని పచ్చబడ్డాయి. ఆలస్యమైనా పల్లెలవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు. సగం మంది నారు కోసం, సగం మంది దాహి మొహం చూడటం కోసం. ఆఖరి పెట్టె అడుగుతూ షాజ్లి తల్లి మంత్రసానితో కబురు పంపింది. వాళ్ళ పొలం ఆ ఏడు ఇంకా ఖాళీగానే ఉంది. నేనే నెత్తిన పెట్టుకుని వెళ్ళాను.

పొలంలో ఖలాఫ్ ఒక్కడే ఉన్నాడు. వాడి పక్కన పనిచేయడానికి కూలీలు రావడం లేదని, టీ కొట్టులో వాడు తాగిన గ్లాసు పగలగొట్టేస్తున్నారని, కుదిరిన సంబంధం వెనక్కి పోయిందని నాకు తెలుసు. వాడు నా నెత్తి మీది పెట్టె అందుకుని గట్టు నీడన దించాడు. బోదె పక్కన కూర్చుని, తల ఎత్తకుండా మాట్లాడాడు.

"అక్కా, నేను ఎవరితోనూ అనను. చచ్చేదాకా అనను. నాకొక్కడికే చెప్పు. ఆ రోజు ఆమె కాళ్ళకి ఏమున్నాయి?"

నాకు జాలి వేసింది. వేయలేదంటే అబద్ధం. వాడి మాట నిజమని తెలిసిన మనిషిని లోకంలో నేనొక్కదాన్నే. కాని ఒకరికి చెప్పిన మాట అక్కడే ఉంటుందని ఎవరు చెప్పగలరు? దాహి ప్రాణానికి మా అమ్మ ఇచ్చిన ధర నేను చూశాను.

"చెప్పులు" అన్నాను.

వాడు తల ఊపాడు.

"చెప్పులే" అన్నాడు. "నేనే సరిగ్గా చూడలేదు."

మూత ఎత్తి ఒక మొక్కను స్పాంజితో సహా బయటికి తీశాడు. కాడ పొడవు చూసి, ఇవి బాగా సాగిపోయాయే, ఎంత లోతు పెట్టాలని అడిగాడు.

"మెడ దాకా పాతిపెట్టు" అన్నాను. "పైన ఆకులు మాత్రం కనబడనివ్వు. మట్టిలో ఎంత కాడ ఉంటే అంత కాడకీ వేళ్ళొస్తాయి."

వాడు చేత్తో గుంట తీశాడు. నేను పెట్టె పక్కన కూర్చుని ఒక్కొక్కటే అందించాను.